సముద్రం వైపు నిచ్చెన, రోడ్డు వైపు నిచ్చెన

గాజువాక సెంటర్లో నిలబడి తలెత్తితే కనిపించే చిమ్నీల్లో సగం నాకు దగ్గరి చుట్టాలు. ఏ చిమ్నీకి ఎన్నో క్లాంపు దగ్గర తుప్పు పట్టిందో, ఏ నట్టు పక్కన పావురం కాపురం పెట్టి ఎన్ని గుడ్లు పొదిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే ఇంతవరకూ ఒక్క చిమ్నీ కూడా ఎక్కలేదు. మా డాబా మీద వాటర్ ట్యాంకు మూత తియ్యడానికి కూడా మా ఆవిడే ఎక్కుతుంది. నేను కింద నిచ్చెన పట్టుకుంటాను. అదీ కళ్ళు మూసుకుని.

నా వృత్తి కింద నిలబడి పైకి చూడటం. టెలిస్కోపు వెనక డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా తగిలించి, చిమ్నీల మీద, క్రేన్ల మీద, టవర్ల మీద మనిషి కంటికి అందని చోట్లను వీడియో తీసి, ఎక్కబోయేవాడికి ఫలానా చోట బాగుంది, ఫలానా చోట బాగోలేదు అని చెప్పటం. పన్నెండేళ్ళు చేశాను. నలభై తొమ్మిదో ఏట మెడ తిరగడం మానేసింది. ఎముకల డాక్టరు నా ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని, ఇంత అరిగిన మెడని తాను ఒంటెద్దు బండి లాగే ఎద్దుకి కూడా చూడలేదన్నాడు. ఆ రోజే రిటైరయ్యాను. సన్మానం చేసేవాళ్ళెవరూ లేకపోతే శాలువా నేనే కొనుక్కుని నేనే కప్పుకున్నాను.

ఈ మధ్య కొంతమంది ఈ పనిలోకి దిగుతూ సలహాలు అడుగుతున్నారు. డ్రోన్లొచ్చాయి కదా, ఇంకా ఈ టెలిస్కోపు గోలేమిటని మీలో తెలివైనవాళ్ళు అనుకోవచ్చు. మన ఊళ్ళో సగం ఆకాశానికి అనుమతులు కావాలి. గాలిపటం ఎగరేసినా పదిమంది వచ్చి పేరు రాసుకుపోయే చోట్లున్నాయి. కాబట్టి టెలిస్కోపు ఇంకొన్నాళ్ళు బతుకుతుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పనిలో మీ పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. నడుముకి బెల్టు కట్టుకుని, మీరేం చెబుతారా అని మీ మొహం కేసి చూస్తూ ఉంటాడు. మీ మాట మీద కాలు పైకి పెడతాడు. నేనొకసారి ఆ మనిషిని వదిలేసి స్క్రీను చూశాను. అది ఎల్లాజీ అనే ఆయన ప్రాణం మీదికి, ఆ తర్వాత అతని అన్నం మీదికి వచ్చింది.

నూకరాజు గారి దగ్గర చదువు

నేను మొదట పెళ్ళి వీడియోలవాణ్ణి. ద్వారకా నగర్లో నూకరాజు గారి స్టూడియోలో పని. ఆయనకి మీసం ఎంతుండేదంటే, ఫోను మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి గరగరమని వినిపించేది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజరు, నా లెన్సు చూసి మా చిమ్నీ చివర ఏముందో దీంతో కనబడుతుందా అని అడిగారు. కనబడదని నేను చెప్పేలోపు, బ్రహ్మాండంగా కనబడుతుందని నూకరాజు గారు ఒప్పేసుకున్నారు. తర్వాత వారం రోజులు ఊరంతా తిరిగి, ఆకాశం మీద మోజు తీరిపోయిన ఒక లెక్చరరు దగ్గర పాత టెలిస్కోపు సంపాదించారు. పొట్టిగా, బొద్దుగా, పాలక్యాన్‌లా ఉండేది. దాని బరువు మాత్రం ఏడాది దూడంత.

లెన్సు తీసేసిన కెమెరాని ఒక రింగుతో టెలిస్కోపు వెనక బిగిస్తే టెలిస్కోపే లెన్సయిపోతుంది. అంతే విద్య. మిగతాదంతా ఓపిక. నూకరాజు గారు నాకు నేర్పినవి మూడే. బటన్ మీద వేలు పెట్టొద్దు, వేలు తగిలితే వంద మీటర్ల అవతల చిమ్నీకి భూకంపం వస్తుంది, అందుకని రిమోటు వాడు. గాలికి స్టాండు కదలకుండా దాని నడుముకి ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను వేలాడదియ్యి. ఫోకసు చేసేటప్పుడు స్క్రీను మీద బొమ్మని పదింతలు పెద్దది చేసి, ఒక బోల్టు అంచు పట్టుకుని, ఆ అంచు మీ ఆవిడ కోపమంత పదునుగా వచ్చేదాకా తిప్పు. ఈ మూడూ ఇవాళ్టికీ సరైనవే. నాలుగోది కూడా ఒకటి చెప్పేవారు. వీడియో తియ్యడం వరకే మన పని, అందులో ఏముందో చూసినవాళ్ళు చూసుకుంటారని. ఇది పచ్చి తప్పు. తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

టీ గ్లాసు సాక్ష్యం

పోర్టు దగ్గర ఒక యార్డులో పెద్ద క్రేనుండేది. దాని కొమ్ము మీద వెల్డింగులు చూసి చెప్పమన్నారు. నేను పప్పు, వంకాయ కూర, రెండు రకాల చేపలతో భోజనం ముగించి, ఒంటిగంట ఎండలో తీరిగ్గా టెలిస్కోపు పెట్టాను. నాకూ క్రేనుకీ మధ్య రేకుల షెడ్లు ఓ ఇరవై. వీడియోలో ఆ కొమ్ము, చెబితే నమ్మరు, జిలేబీ చుట్టలా మెలికలు తిరుగుతోంది. యార్డు మేనేజరు అది చూసి చెమటలు కక్కి, క్రేను ఆపించి, డ్రైవరుని దింపించి, చుట్టూ తాళ్ళు కట్టించాడు. షిప్పు అన్‌లోడింగ్ ఆగిపోయింది.

డ్రైవరు కిందికి దిగి మెలికలు తిరుగుతున్న తన క్రేనుని శ్రద్ధగా చూశాడు. చూసి, "నాను పైన టీ తాగుతన్నాను బాబూ. గ్లాసులో టీ కదల్లేదు," అన్నాడు.

కదిలింది క్రేను కాదు, వేడి రేకుల మీంచి లేచే గాలి. దాన్ని టెలిస్కోపు వందింతలు చేసి చూపించింది. అప్పట్నుంచీ తెల్లవారాక ఎనిమిది దాటకుండా తీయడం అలవాటు చేసుకున్నాను. టెలిస్కోపుని గంట ముందే బయట పెట్టి చల్లబరిచేవాణ్ణి. రేకుల మీంచి, తారు రోడ్డు మీంచి చూడకుండా గడ్డి ఉన్న చోటు వెతుక్కునేవాణ్ణి. వీటివల్ల నా వీడియోలు బాగుపడ్డాయి. బుద్ధి బాగుపడలేదు. టెలిస్కోపు చూపించింది నిజమో కాదో పైన కూర్చున్నవాణ్ణి ముందుగా అడగాలన్నది నా బుర్రకి ఎక్కలేదు. ఎండలో తియ్యకూడదన్న పాఠం ఒక్కటే ఎక్కింది.

ఎల్లాజీ

ఎల్లాజీ వాళ్ళది భీమిలి కేసి ఒక పల్లె. తరతరాలుగా చేపల వేట. తమ్ముడు ఇప్పటికీ సముద్రం మీదే. ఎల్లాజీకి మాత్రం తెరచాప కొయ్య ఎక్కే కాళ్ళు చిమ్నీకి పనికొచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చిమ్నీ ఎక్కి రంగులేసేవాడు, ఎర్ర దీపాలు మార్చేవాడు, పిడుగు తీగలు బిగించేవాడు. మనిషి అగరొత్తిలా ఉంటాడు. ఎక్కుతుంటే మనకి మెట్లు లెక్కపెట్టే టైము ఉండదు. నన్ను బావా అనేవాడు. ఎక్కే ముందు నిచ్చెన మొదట్లో కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప నా చేతిలో పెట్టేవాడు. ఆ లెక్కన పన్నెండేళ్ళలో నేను తిన్న కొబ్బరితో ఒక తోట వెయ్యచ్చు.

ప్రమాదం జరిగిన ఫ్యాక్టరీ పేరు అనవసరం. పేరులో ఏముంది, పొగ అందరిదీ ఒకటే. అక్కడ మెయింటెనెన్స్ మేనేజరు మూర్తి గారు. ఇస్త్రీ మడత మీద ఈగ వాలితే కాలు తెగిపోయేంత నీటుగా ఉండేవారు. అక్కడొక సన్నటి ఇనప చిమ్నీ. దానికి చెరో పక్కనా చెరో నిచ్చెన. ఒకటి సముద్రం వైపు, ఒకటి రోడ్డు వైపు. పైన ఎర్ర దీపం ఆరిపోయింది. మార్చాలి. రెండు నిచ్చెనల్లో ఏది మంచిదో వీడియో తీసి చెప్పమన్నారు. నేను చెప్పిన నిచ్చెన పేరు పర్మిట్ మీద రాస్తారు. ఎల్లాజీ అదే ఎక్కాలి.

నేను నిలబడ్డ చోటి నుంచి సముద్రం నా కుడి చేతి వైపు, రోడ్డు ఎడమ చేతి వైపు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను. దానివల్లే ప్రమాదం.

మోచెయ్యి

చోటు ఇరుకు. చిమ్నీకి బాగా దగ్గరగా నిలబడాల్సి వచ్చింది. అంత దగ్గర్నుంచి పైకి చూస్తే టెలిస్కోపు మూతి ఆకాశానికి, కెమెరా నేలకి. స్క్రీను చూడాలంటే నేను దాదాపు పాకాలి. మెడ అప్పటికే అల్లుడి అలక మీదుంది. అందుకని టెలిస్కోపు పెట్టెలో ఎప్పుడూ ఊరికే పడుండే మోచెయ్యి గొట్టం తీసి, టెలిస్కోపుకీ కెమెరాకీ మధ్య బిగించాను. మోచేతిలా వంగిన గొట్టం అది, లోపల చిన్న అద్దం. వెనక్కి వచ్చే వెలుతురుని పైకి తిప్పుతుంది. కెమెరా ఇప్పుడు బుద్ధిగా పైకి తిరిగి కూర్చుంది. నేను కుర్చీ వేసుకుని, టీ తెప్పించుకుని, కాలు మీద కాలేసుకుని తీశాను. పన్నెండేళ్ళలో అంత సుఖంగా ఎప్పుడూ తీయలేదు. సుఖంగా ఉన్నప్పుడు అనుమానించాలని మా నాయనమ్మ అనేది. ఆవిడకి టెలిస్కోపు తెలియదు గానీ లోకం తెలుసు.

వీడియో అద్భుతంగా వచ్చింది. గాలి నిలకడగా ఉంది, ఎండ ఏటవాలుగా పడుతోంది. తుప్పు రేణువులు లెక్కపెట్టుకోవచ్చు. ఫ్రేములో చిమ్నీ నిండుగా ఉంది, దానికి ఎడమ అంచున ఒక నిచ్చెన, కుడి అంచున ఒకటి. కుడి నిచ్చెనకి మూడొంతుల ఎత్తులో, దాన్ని చిమ్నీకి పట్టి ఉంచే క్లాంపు ఒకటి పగిలి, చిగుళ్ళలో ఊడబోయే పన్నులా వేలాడుతోంది. కుడి అంటే సముద్రం వైపు. నా రిపోర్టులో అలాగే రాశాను. సముద్రం వైపు నిచ్చెన ఎక్కరాదు, రోడ్డు వైపు నిచ్చెన క్షేమం అని. కింద సంతకం కూడా ఆ రోజు కాస్త పెద్దగా పెట్టాను.

గోతం ముక్క

పది గంటలకి మూర్తి గారి గదిలో టీవీ మీద వీడియో వేశాను. మూర్తి గారు, ఎల్లాజీ, నేను. అంతా చూశాక ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు.

"బావ, పైన కమ్మీకి సిక్కుకున్న గోతం ముక్క ఓపాలి మళ్ళీ సూపించు."

చిమ్నీ చివర రెయిలింగుకి చిరిగిన సిమెంటు గోతం ముక్కొకటి తగులుకుని ఎగురుతోంది. చూపించాను.

"ఇది రోడ్డు కేసి ఎగురుతన్నాదేటి? పొద్దున్నపూట గాలి ఊర్లోంచి సముద్రంలోకి గదా పోవాల."

గాలికి కూడా నువ్వే గేట్ పాసిస్తున్నావా అని నేను వెటకారం చేశాను. అతను నవ్వలేదు. ఏడింటికే గాలి తిరిగిపోతే తన తమ్ముడి పడవ ఈపాటికి ఒడ్డెక్కేసి ఉండేదని, చలికాలంలో అలా తిరగడం తాను పుట్టాక చూడలేదని చెప్పాడు. నేను కెమెరా ఖరీదు, దాని మెగాపిక్సెళ్ళు, అది పుట్టిన దేశం వగైరా చెప్పాను. మూర్తి గారు గడియారం చూసి, ఎందుకొచ్చిన వాదన, బయటికెళ్ళి చూస్తే పోలేదా అన్నారు.

ముగ్గురం బయటికొచ్చి తలెత్తాం. గోతం ముక్క స్పష్టంగా రోడ్డు వైపే ఎగురుతోంది.

నేను ఎల్లాజీ కేసి చూసిన చూపు ఇప్పుడు గుర్తుచేసుకోవడం నాకిష్టం లేదు.

"ఇప్పుడు పదైనాది బాబూ. సముద్రపు గాలి మొదలైపోనాది. బావ తీసినాది ఏడింటికి," అన్నాడతను.

పదింటికి గాలి తిరుగుతుందని, ఏడింటికి తిరగదని చేపలు పట్టేవాళ్ళకి తెలిసినంతగా టై కట్టుకున్నవాళ్ళకి తెలియదు. మూర్తి గారు అతనితో, ఎక్కడం ఇష్టం లేకపోతే చెప్పెయ్యమని, వేరేవాళ్ళని పిలుస్తామని, పాసు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళమని అన్నారు.

"నాను ఎక్కనన్నేదు బాబూ. ఏ నిచ్చెనెక్కాలో సరింగా సెప్పమంతన్నాను."

మూర్తి గారు నా కేసి చూశారు. చెప్పాల్సింది నేను. అతని మాటలో ఏముందో కనుక్కోవడానికి నాకు పది నిమిషాలు చాలు. టెలిస్కోపు ఇంకా స్టాండు మీదే ఉంది. కాని నేను సంతకం పెట్టేశాను, అదీ పెద్దగా. రోడ్డు వైపు అని చెప్పాను.

ఒకే మనిషి, రెండు నిచ్చెనలు

ఎక్కేటప్పుడు కూడా వీడియో తియ్యాలి, అది రూలు. నేను మళ్ళీ కుర్చీలో కూర్చుని రికార్డింగు మొదలుపెట్టాను. కాసేపటికి స్క్రీను మీదికి ఎల్లాజీ వచ్చాడు. చూస్తే, కుడి నిచ్చెన మీద ఉన్నాడు!

నాకు ఒళ్ళు మండింది. నా మాట కాదని, పంతానికి పోయి, పగిలిన క్లాంపున్న సముద్రం వైపు నిచ్చెనే ఎక్కుతున్నాడని. మూర్తి గారికి ఫోన్ చేసి, అతను పర్మిట్ లేని నిచ్చెన ఎక్కేస్తున్నాడు, వెంటనే దింపమని అరిచాను.

మూర్తి గారు తాపీగా, "ఏం మాట్లాడుతున్నారండీ? నేను రోడ్డు వైపు నిచ్చెన కిందే ఉన్నాను. అతని టిఫిన్ కేరేజీ నా కాళ్ళ దగ్గరుంది," అని ఫోన్ పెట్టేశారు.

స్క్రీను మీంచి కళ్ళు తీసి, ఉత్త కళ్ళతో చిమ్నీని చూశాను. ఎల్లాజీ చీమంత కనబడ్డాడు. ఎడమ పక్క. మళ్ళీ స్క్రీను చూశాను. కుడి పక్క. ఎడమ, కుడి. ఒకే మనిషి రెండు నిచ్చెనలూ ఒకేసారి ఎక్కుతున్నాడు. అప్పుడు నా చూపు ఆ మోచెయ్యి గొట్టం మీద పడింది. లోపల అద్దముంది. అద్దం ముందు కుడి చెయ్యెత్తితే ఏమవుతుందో చంటిపిల్లలకి కూడా తెలుసు. నేను ఉదయం నుంచీ చిమ్నీని కాదు, అద్దంలో చిమ్నీని చూస్తున్నాను. పగిలిన క్లాంపు రోడ్డు వైపు నిచ్చెనకుంది. ఎల్లాజీ దాని కిందే ఉన్నాడు. నా మాట మీద.

మూర్తి గారికి మళ్ళీ ఫోన్ చేశాను, ఎత్తలేదు. పరిగెత్తాను. నాది పరిగెత్తే శరీరం కాదు. దారిలో ఒక డ్రమ్ము, రెండు సైకిళ్ళు, ఒక సెక్యూరిటీ గార్డు పడిపోయారని తర్వాత చెప్పారు. నా అరుపు నాకే వినబడలేదు, పక్క షెడ్డులో మిషన్లు నడుస్తున్నాయి.

నేను చేరేసరికి ఎల్లాజీ ఆగి ఉన్నాడు. నా అరుపు విని కాదు. అతను మొదటి మెట్టు నుంచీ ప్రతి క్లాంపునీ స్పానరుతో కొట్టి, చప్పుడు విని, నమ్మకం కుదిరాకే పైకి పోతున్నాడు. తాడు కూడా నిచ్చెనకి కాకుండా చిమ్నీ చుట్టూ వేసుకున్నాడు. పగిలిన క్లాంపుని చెయ్యి చాపి కొట్టాడు. అది ఊడి కింద రేకుల షెడ్డు మీద బాంబులా పడింది. నిచ్చెన పై భాగం మొత్తం ఒకసారి ఊగింది. దాని కింది క్లాంపు గట్టిది కాబట్టి, తాడు చిమ్నీకి ఉంది కాబట్టి, ఎల్లాజీ ఉన్నాడు. నెమ్మదిగా ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా దిగడం నేను చూడలేదు.

నేను ఏదో చెప్పబోయాను. "నీ వీడియోని నమ్మి ఎక్కనేదు బావ. స్పానర్ని నమ్మి ఎక్కినాను," అని టిఫిన్ కేరేజీ తీసుకుని నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు. మూత మాత్రం తియ్యలేదు.

ఎవరూ అబద్ధమాడలేదు

ఇంత ఎత్తు నుంచి ఇనప ముక్క పడితే ఫ్యాక్టరీలో విచారణ ఉంటుంది. ముగ్గురు పెద్దవాళ్ళ సేఫ్టీ కమిటీ కూర్చుంది. వాళ్ళ ముందు మూడు సాక్ష్యాలున్నాయి. సముద్రం వైపు నిచ్చెన ఎక్కరాదన్న నా రిపోర్టు. రోడ్డు వైపు మాత్రమే ఎక్కాలన్న మూర్తి గారి పర్మిట్. ఎల్లాజీ ఎక్కుతుండగా నేను తీసిన వీడియో. అందులో అతను నిక్షేపంగా కుడి నిచ్చెన మీద, అంటే సముద్రం వైపు, ఎక్కరాదన్నదాని మీద ఉన్నాడు. ఏ నిచ్చెనకి క్లాంపు ఊడిందో బయటికెళ్ళి తలెత్తి చూడకుండానే తీర్పు రాసేశారు, అట్టే సేపు పట్టలేదు. పనివాడు పర్మిట్ ఉల్లంఘించాడు. గేట్ పాస్ రద్దు. ఎల్లాజీ తన మాట చెప్పబోతే వీడియో ఉంది కదా అన్నారట. ఈ బెల్టులో ఒక గేటు దగ్గర పాసు పోతే మిగతా గేట్లకి కబురు సాయంత్రానికల్లా చేరుతుంది.

మూర్తి గారిని అడిగాను, మీరు అతని నిచ్చెన కిందే నిలబడ్డారు కదా అని. ఆయన ఇస్త్రీ మడత చూసుకుంటూ, "నేనేమీ అనలేదు. వాళ్ళు చూశారు, వాళ్ళే అనుకున్నారు," అన్నారు. నూకరాజు గారైతే మీసం దువ్వుకుని పాత నాలుగో పాఠం మళ్ళీ వినిపించారు. నా తప్పుడు వీడియో నా తప్పుడు రిపోర్టుని అంత అందంగా కాపాడింది. ఎవరూ అబద్ధమాడలేదు. అందరం కలిసి నోరు మూసుకున్నాం, అంతే.

నేను మహా ధైర్యవంతుణ్ణి కాబట్టి నాలుగు రోజులు ఆలోచించాను. నిజం చెబితే స్టూడియోకి ఆ ఫ్యాక్టరీ పోతుంది, నాకు స్టూడియో పోతుంది. ఆలోచించి, ఆలోచించకుండా ఉండటమే మేలని దాదాపు తేల్చుకున్నాను.

అయిదో రోజు ఎల్లాజీ స్టూడియోకి వచ్చాడు. గొడవకొచ్చాడనుకుని కుర్చీ వెనక్కి జరిపాను. పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళు తాను ఏం పని చేశాడో ఇంట్లో ఆవిడ ఎప్పుడూ చూడలేదని, ఇక ఆ పని లేదు కాబట్టి ఒక్కసారి చూపిద్దామనుకుంటున్నానని, ఆ ఎక్కిన వీడియో ఎక్కించి ఇవ్వమని అడిగాడు.

కంప్యూటర్లో వేశాను. ఇద్దరం చూశాం. వీడియోలో ఎల్లాజీ ఎక్కుతున్నాడు, ఆగుతున్నాడు, స్పానరుతో కొడుతున్నాడు, చెవి పెడుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు. నిజంగా గొప్పగా ఉంది. ఇందులో నేను ఒక్క అక్షరం కూడా పెంచి చెప్పడం లేదు.

"నాను ఎడం సేత్తో కొడతన్నానేటి బావా?" అన్నాడతను.

నేను వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

"మా ఇంటిది నమ్మదు. ఈడెవుడో వేరేవోడంతాది." కాసేపు తన కుడి చేతిని చూసుకున్నాడు. తర్వాత నా కేసి చూశాడు. అతనికి అర్థమైపోయింది. అయినా ఏమీ అడగలేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. నా దగ్గర అరడజను సిద్ధంగా ఉన్నాయి.

మర్నాడు టెలిస్కోపు, కెమెరా, మోచెయ్యి ఆటోలో వేసుకుని కమిటీ దగ్గరికి పోయాను. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. వాళ్ళ కిటికీలో టెలిస్కోపు పెట్టి, మెయిన్ గేటు మీద ఫ్యాక్టరీ పేరు రాసిన బోర్డు కేసి తిప్పి, టీవీకి తీగ కలిపాను. వాళ్ళ సొంత ఫ్యాక్టరీ పేరు టీవీ మీద కుడి నుంచి ఎడమకి, తిరగేసి కనబడింది. ముగ్గురూ మెడలు అటూ ఇటూ వంచి చదవడానికి చూశారు. అప్పుడు మోచెయ్యి తీసేసి కెమెరాని నేరుగా బిగించాను. పేరు సరిగ్గా నిలబడింది.

వాళ్ళలో పెద్దాయన లేచొచ్చి మోచెయ్యి గొట్టం చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత, అయితే తప్పు ఎవరిదండీ అని అడిగారు. రిపోర్టు తప్పు నాది, గోతం ముక్క చూపించి అతను ముందే చెప్పాడు, వినకపోవడం కూడా నాదే అన్నాను. మూర్తి గారి సంగతి నేను ఎత్తలేదు. ఎత్తాల్సింది. అదొక్కటి ఇప్పటికీ అరగలేదు.

ఎల్లాజీ పాసు తిరిగి ఇచ్చారు. మా స్టూడియో వాళ్ళు గేటు లోపలికి రాకూడదని బోర్డు ఒక్కటే తక్కువ. నూకరాజు గారు నన్ను తిట్టిన తిట్లు మూడు కూడళ్ళ దాకా వినిపించాయని ద్వారకా నగర్లో టీ కొట్లవాళ్ళు చెప్పారు. టెలిస్కోపు నా మొహాన కొట్టి పంపేశారు. అలా సొంతంగా వ్యాపారం మొదలుపెట్టాను.

కుర్రాళ్ళకి

మీరు ఏది తీసినా ముందు అక్షరాలున్నది ఏదో ఒకటి తియ్యండి. బోర్డు, లారీ నంబరు, ఏదైనా. మధ్యలో అద్దముందో లేదో అదే చెబుతుంది. మోచెయ్యి గొట్టం పెట్టెలోంచి తీసి ఇంట్లో పిల్లల బొమ్మల్లో పడేయండి. మెడ నొప్పెడితే మెడకి మందు రాసుకోండి. పైకెక్కేవాడు అనుమానం చెబితే, అతనికి కెమెరా ధర చెప్పకండి. అతనికి తెలిసిన విద్య ఏదో మీకు తెలియకపోవచ్చు. రిపోర్టు మీద సంతకం చిన్నగా పెట్టండి. చిన్న సంతకాన్ని వెనక్కి తీసుకోవడం కాస్త సులువు.

నాకు పని లేక రెండు నెలలు ఈగలు తోలుకున్నాను. అప్పుడు ఎల్లాజీ ఫోన్ చేశాడు. తగరపువలస దాటాక ఒక మిల్లు చిమ్నీ ఉందట, మిల్లు వాళ్ళు వీడియో తీసేవాణ్ణి వెతుకుతున్నారట, నా పేరు చెప్పేశాడట. కొత్త కెమెరాలతో, కొత్త మెడలతో ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, నన్నెందుకు పిలిచావని అడిగాను.

"నీ తప్పేటో నాకు తెలుసు బావ. కొత్తోడి తప్పేటో తెలియాలంటే నాను మళ్ళీ సగం దాకా ఎక్కాల."

ఆ చిమ్నీ దగ్గర గడ్డిలో టెలిస్కోపు పెట్టి, కెమెరా నేరుగా బిగించి, నేల మీద బోర్లా పడుకుని స్క్రీను చూశాను. ఎల్లాజీ నిచ్చెన మొదట్లో నిలబడి కుడి చెయ్యెత్తాడు. ఎత్తి, అలాగే ఉంచాడు. నేను స్క్రీను చూశాను. తర్వాత లేచి నిలబడి ఉత్త కళ్ళతో చూశాను. రెండూ ఒకటేనని తేల్చుకుని నా చెయ్యి ఎత్తాను.

అప్పుడు అతను మొదటి క్లాంపుని స్పానరుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.